పెట్టె అడుగున కన్నం

ఆమెను అందరూ ముద్దక్క అంటారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు. చేతిసంచిలో ఎప్పుడూ ఒక బూడిదరంగు ముద్ద ఉంటుంది. కిటికీ అద్దాలకు పెట్టే లప్పం లాంటిది. తేడా ఏమిటంటే ఇది ఎన్నేళ్లయినా ఎండదు, గట్టిపడదు. కరెంటు తీగలు పైపులోంచి పెట్టెలోకి వచ్చేచోట, పైపు నోట్లో, తీగల మధ్య సందుల్లో దాన్ని కూరుతుంది. పని లేనప్పుడు పిసుకుతూ ఉంటుంది. కోపం వస్తే ఇంకా పిసుకుతుంది. ముద్ద మెత్తబడిందంటే ఆ పూట ఎవరికో మూడిందని ఆమె భర్తే అంటాడు.

అసలు పేరు కరెంటు పని లైసెన్సు కార్డు మీద ఉంది. ఆ కార్డు చూసినవాళ్లు తక్కువ.

మనిషి పొట్టి. యాభై రెండేళ్లు. నిచ్చెన భుజాన వేసుకుని సందులోంచి వస్తుంటే ముందు నిచ్చెన కనిపిస్తుంది, ఆ తర్వాత చాలాసేపటికి ఆమె కనిపిస్తుంది.

పంతొమ్మిదో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ముందుగదే దుకాణం. భర్త కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే మేస్త్రీ. నేల మీద రాగి తీగ చుట్టలు, గదినిండా వార్నిష్ వాసన. ఆయనకు ఎడమ చెవి వినిపించదు. ఇష్టంలేని మాట వస్తే తల తిప్పి ఆ చెవినే ఇస్తాడు. ఇంట్లో ఇంకొకడు తల్లి లేని మరిది, పదకొండేళ్లవాడు. పెళ్లైన నాలుగో రోజు తెగిన గుండీ అరచేతిలో పెట్టుకుని వచ్చి, "వదినా" అని ఆమె ముందు నిలబడ్డాడు. అప్పటినుంచి వాడి గుండీలు, వాడి జ్వరాలు, వాడి లెక్కల పుస్తకాలు అన్నీ ఆమెవే అయ్యాయి. ఆమెకు పిల్లలు కలగలేదు. ఎవరైనా జాలిపడబోతే, "నాకు పుట్టినవాడు పుట్టగానే పదకొండేళ్లవాడు. పాలు పట్టే పని తప్పింది" అనేది. జాలి అక్కడితో ఆగిపోయేది.

మొదట్లో భర్త పక్కన కూర్చుని తీగ చుట్టేది. ఏడాది తిరక్కుండానే ఒక సంగతి కనిపెట్టింది. బాగుచేసి పంపిన మోటార్లలో సగం మూడు నెలలకే మళ్లీ వచ్చేవి. అదే మోటారు, అదే కాలడం.

"మోటారు తప్పా ఇది?" అని అడిగింది.

"కాదు. బయట గోడకున్న పెట్టెలో నీళ్లు చేరాయి. అక్కడ తీగలు కలిసిపోయి ఇక్కడ ఇది కాలింది."

"ఆ పెట్టె చూసిందెవరు?"

"అది నా పని కాదు."

"అయితే నాది" అంది.

ఆయన ఎడమ చెవి ఇచ్చాడు. ఆమె నిచ్చెన కొంది.

ముప్పై ఒకటో ఏట లైసెన్సు పరీక్షకు కూర్చుంది. నోటి పరీక్షకు బల్ల వెనక ముగ్గురున్నారు. నడిమి ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"మీవారు రాలేదా?"

"ఆయన పరీక్ష రాయడం లేదండీ."

"అది కాదమ్మా. తోడుగా..."

"నిచ్చెన మీద ఇద్దరికి చోటుండదు కదండీ."

అప్పుడు తల ఎత్తాడు. కళ్లజోడు సవరించుకున్నాడు.

"సరే. బయట గోడకు పెట్టె ఉంది. అందులోకి నీళ్లు ఎటునుంచి వస్తాయి?"

"సందున్న ప్రతిచోట నుంచీ."

"అన్ని సందులూ మూసేస్తే?"

"అయినా వస్తాయి."

"అయితే ఏం చేస్తావ్?"

"పోయే దారి పెడతాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కార్డు నెల తర్వాత వచ్చింది.

జవాబు తెలిసినంత మాత్రాన అది చేతికి రాదు. ఆ సంగతి ఆమెకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. ఒక గోదాము గేటు పక్కన ఇనుప దీపస్తంభం. దాని నడుముకు ఒక పెట్టె. వానాకాలం నెత్తిమీదికి వచ్చింది. "ఒక్క చుక్క లోపలికి పోకూడదు" అన్నాడు యజమాని. ఆమెకు పంతం వచ్చింది. సందులు మూసే సిలికాన్ జిగురు గొట్టాలు రెండు ఖాళీ చేసింది. పైపు చుట్టూ పూసింది, మూత చుట్టూ పూసింది, స్క్రూల తలల మీద పూసింది. పెట్టె అడుగున తయారీలోనే వదిలిన చిన్న కన్నం ఒకటి ఉంది. పనిలో పనిగా దాన్నీ మూసేసింది. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయింది. సంతకం పెట్టింది.

ఐదు నెలలకు కాపలాదారు తెల్లవారుజామున గేటు తీస్తూ ఆ స్తంభాన్ని పట్టుకున్నాడు. చెయ్యి అతుక్కుపోయింది. పాలబండివాడు చెక్కతో కొట్టి విడిపించాడు. మనిషి బతికాడు. కుడిచేతి మూడు వేళ్లు ఆ తర్వాత ముడుచుకోలేదు. పెట్టె విప్పితే నిండా నీళ్లు. బయటి నుంచి చుక్క కూడా రాలేదు. నేలలోంచి వచ్చే పైపు లోపల చెమట పట్టి, ఆ చెమట రోజుకు కాస్త చొప్పున పెట్టెలో చేరి, పోయే దారి లేక అక్కడే నిలిచింది. పుల్లంత కన్నం ఉంటే కారిపోయేది.

కాపలాదారు ఆమెను ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే ఎడమచేత్తో నమస్కారం పెట్టేవాడు. ఆమెకు ఏ తిట్టూ అంతగా తగల్లేదు.

ఆ రోజు నుంచి ముద్ద ఆమె సంచిలోకి వచ్చింది. పైపు ఎప్పుడూ పెట్టెకు అడుగునుంచే రావాలి. పైనుంచి దిగే పైపును పెట్టె దాటించి, కిందకు తెచ్చి, మళ్లీ పైకి వంచి, రబ్బరు వాషరు ఉన్న బిగింపుతో అడుగున కలపాలి. పైపు నోట్లో ముద్ద కూరాలి. అడుగు కన్నం తెరిచే ఉండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా సంతకం పెట్టదు. పెట్టమని బతిమాలినవాళ్లున్నారు, బెదిరించినవాళ్లున్నారు. ఒకాయన పూలమొక్క తెచ్చిచ్చాడు. మొక్క తీసుకుంది. సంతకం పెట్టలేదు.

అలాంటి మనిషి తన లైసెన్సును ఒకే ఒక్కడిని వాడుకోనిచ్చింది. మరిదిని.

మరిదికిప్పుడు నలభై నాలుగేళ్లు. చేతిపని బంగారం. లైసెన్సు పరీక్ష రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ నోటి పరీక్షలో నీళ్లు నమిలి బయటికొచ్చాడు. పాతికేళ్లు వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా పనిచేసి, ఈ ఏడే మొదటిసారి సొంతంగా పని పట్టాడు. బస్సుల డిపోలో కొత్తగా కట్టిన కడిగే షెడ్డు. మూడు వైపులా తెరిచి ఉన్న పెద్ద షెడ్డు అది. నాలుగో వైపు గోడ, ఆ గోడకు పదకొండు ఇనుప పెట్టెలు. నీళ్ల పంపులకు, బ్రష్షులు తిప్పే మోటార్లకు అక్కడినుంచే కరెంటు. పని మొదలుపెట్టిన రోజు డిపో పుస్తకంలో పర్యవేక్షణ అన్న గడిలో ఆమె లైసెన్సు అంకె రాశారు. పని పూర్తయ్యాక అదే పేజీలో ఆమె సంతకం చేయాలి. అప్పుడే కరెంటు ఇస్తారు.

పని జరిగిన మూడు వారాలూ ఆమె ఇంకోచోట ఒక ఆస్పత్రి మేడమీద పనిలో ఉంది. "నువ్వు రావక్కర్లేదు వదినా, నేనున్నాగా" అన్నాడు. వాడి మొహంలో వెలుగు చూసి సరే అంది. అది ఆమె తప్పు. ఆ మాట తర్వాత తనే చెప్పింది.

సంతకానికి పిలిచిన రోజు పొద్దున్నే వెళ్లింది. షెడ్డులో అడుగు పెట్టగానే ఆగిపోయింది. పదకొండు పెట్టెలకు పదకొండు పైపులు నెత్తిమీదుగా దిగాయి. పైనుంచి సూటిగా, దారం పట్టినట్టు. బిగింపుల చుట్టూ తెల్లటి సిలికాన్ వేలితో నునుపుగా దిద్ది ఉంది. మూతల చుట్టూ అంతే. ఆమె వంగి మొదటి పెట్టె అడుగు తడిమింది. కన్నం లేదు. నున్నటి సిలికాన్ బొట్టు తగిలింది. రెండోది తడిమింది. మూడోది.

సోమరిపోతు ఈ తప్పు చేయడు. సోమరిపోతుకు అడుగున కన్నం ఉన్నట్టే తెలియదు. పని మీద ప్రాణం పెట్టేవాడే వంగి, వెతికి మరీ మూస్తాడు.

"ఎలా ఉంది వదినా?" అన్నాడు మరిది వెనకనుంచి. చిన్నప్పుడు మార్కుల కాగితం చూపించినట్టే నిలబడ్డాడు.

"పైపులు చాలా సూటిగా దింపావు" అంది. "పైనుంచి ఎందుకు తెచ్చావురా?"

"తీగల దారి కప్పు కింద ఉంది. అక్కడినుంచి సూటిగా దింపితే ఒక్క వంపు కూడా అక్కర్లేదు. నాలుగు రోజుల పని మిగిలింది."

"అడుగు కన్నాలు?"

"అన్నీ మూసేశా. ఇక్కడ రోజంతా నీళ్లు కొడతారు. ఎటునుంచైనా ఎగిరి పడతాయి. ఒక్క చుక్క పోదు చూడు."

ఆమె చెయ్యి సంచిలోకి వెళ్లింది. ముద్ద బయటికొచ్చింది. మరిది మొహం మారింది.

"నేను సంతకం పెట్టను రా."

డిపో ఇంజనీరు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. సోమవారం పెద్దాఫీసు నుంచి ప్రారంభానికి వస్తున్నారు, ఇవాళ గురువారం, ఆయన గొంతులో వెలక్కాయ పడ్డట్టే ఉంది.

"ఏమ్మా, ఏమిటి ఇబ్బంది? మీటరు పెట్టి చూశాం. అన్నీ బాగానే చూపిస్తోంది."

"పొడిగా ఉన్నప్పుడు మీటరు ఏం చూపిస్తుంది సార్? తడిసినప్పుడు చూడాలి."

"తడవదమ్మా. ఎంత సిలికాన్ పెట్టారో చూశావుగా."

"అదే చూశాను."

గోడవారగా బోర్లించిన బకెట్ల మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని వింటున్నారు. బస్సులు కడిగేవాళ్లు. వాళ్లలో పెద్దామెను పైపు పిన్ని అంటారు. పంతొమ్మిదేళ్లుగా నీళ్ల గొట్టం ఆమె చేతిలోనే ఉంది. రేపు ఆ పెట్టెల మీది మీటలు తడిచేత్తో నొక్కేది ఆ నలుగురే.

"సార్, ఒక్క మాట" అంది పైపు పిన్ని. "మా చేతులు ఎండి ఎన్నేళ్లయిందో మాకే గుర్తులేదు. ఆ మీటలు మేమే నొక్కాలి. ఆ అమ్మ ఏం చెబుతుందో కాస్త వినండి."

"నువ్వు ఊరుకో పిన్నీ, నీకేం తెలుసు" అన్నాడు మరిది.

"నాకు నీళ్లు తెలుసు నాయనా."

ముద్దక్క అంది: "సరే. గొంతులు చించుకోవడం ఎందుకు? పిన్నీ, ఆ పాత డీజిలు పంపు పెట్టండి. బస్సు కడిగినట్టే ఈ గోడ కడగండి. ఆ తర్వాత మూతలు విప్పి చూద్దాం."

మరిది ఒంటికాలి మీద లేచాడు. "కడగండి! అరగంట కాదు, గంట కడగండి. అప్పుడు తెలుస్తుంది."

గంట కడిగారు. పైపు పిన్ని పైనుంచి కొట్టింది, పక్కనుంచి కొట్టింది, మోకాళ్ల మీద కూర్చుని అడుగునుంచి కొట్టింది. మరిది ఒక్కొక్క మూతా విప్పాడు. ఒకటో పెట్టె పొడి. రెండోది పొడి. పదకొండో పెట్టెలో ఇంజనీరు రుమాలు పెట్టి తుడిచి చూపించాడు. రుమాలు ఇస్త్రీ చేసినట్టే ఉంది.

మరిది నవ్వాడు. గెలిచినవాడి నవ్వు కాదు, ఊపిరి తీసుకున్నవాడి నవ్వు.

"వదినా, ఇక పెట్టు."

"పెట్టను. రేపు పొద్దున దాకా ఆగండి."

"అదేంటమ్మా!" అన్నాడు ఇంజనీరు. "నువ్వే పరీక్ష పెట్టావు. నువ్వే ఓడిపోయావు. ఇంకా ఆగడం ఏమిటి?"

"ఓడితే ఓడాను సార్. బయటినుంచి నీళ్లు రావు, ఒప్పుకున్నా. వీడి చేతిపని అలాంటిది. కానీ ఈ గోడ అవతల కంప్రెసర్ల గది ఉంది కదా. దాన్ని మామూలుగా నడపనివ్వండి. మూతలు మూసేయండి. రేపు పొద్దున మళ్లీ విప్పుదాం."

"ఇదేం పంతం వదినా? నీ మాట నెగ్గడానికి నా మొదటి పని బలి పెడతావా?"

"ఒక్క రాత్రి ఆగు రా. ఆగితే అరిగిపోతావా?"

పైపు పిన్ని పక్కనామెతో గట్టిగానే అంది: "మన ప్రాణాలకు ఇంత గిరాకీ ఉందని నాకిప్పటిదాకా తెలీదే."

ఆ సాయంత్రం ఇంట్లో మోటారు చుడుతున్న భర్త తల ఎత్తలేదు. మరిది ముందే వచ్చి చెప్పి వెళ్లిపోయాడు.

"వాడి మొదటి పని" అన్నాడాయన.

"తెలుసు."

"సంతకమే కదా."

"ఆ కాపలాదారు చేతికి పెట్టింది కూడా సంతకమేనండీ."

ఆయన తల తిప్పి ఎడమ చెవి ఇచ్చాడు. ఆమె వెళ్లి ఆ చెవి దగ్గరే కూర్చుని చెప్పింది. "వినకపోయినా పర్లేదు, నేను చెప్పేది చెబుతా. రేపు ఆ పెట్టెలు పొడిగా ఉన్నా నేను పెట్టను. రేపు కాకపోతే వచ్చే వానాకాలానికి తడుస్తాయి. ఇవాళ వాడు నా మీద అలుగుతాడు. అలగనీ. ఆ నలుగురిలో ఒకరికి ఏదైనా అయితే వాడు జన్మలో తల ఎత్తలేడు. నేనెత్తానా? పదిహేడేళ్లు నేల చూస్తూ నడిచాను. వాడు నాలా నడవకూడదు."

ఆయన తీగ చుడుతూనే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున మంచు పడింది. షెడ్డు రేకులు చల్లగా చెమర్చాయి. మరిది స్క్రూడ్రైవరు పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు. వదిన వైపు చూడలేదు. ఒకటో పెట్టె విప్పాడు, పొడి. రెండోది, పొడి. మూడో పెట్టె మూత తీసి, కాసేపు అలాగే పట్టుకున్నాడు.

లోపల అడుగున నీళ్లున్నాయి. ఎక్కువ కాదు, పుడిసెడు. పైన పైపు నోట్లోంచి ఒక తీగ వెంబడి ఇంకో చుక్క జారుతోంది. అందరూ చూస్తుండగానే అది తీగ బిగించిన స్క్రూ మీద పడింది.

మరిది నాలుగో పెట్టె విప్పాడు. నీళ్లు. ఐదులో నీళ్లు. ఆరులో నీళ్లు. మిగతావి పొడి.

"ఆ నాలుగు పైపులూ కంప్రెసర్ల గదిలోంచి వచ్చేవే" అంది ముద్దక్క. "అక్కడ ఎప్పుడూ ఉక్క. ఆ వేడిగాలి పైపులో పడి వస్తుంది. బయట చలికి పైపు చల్లబడుతుంది. గాలి లోపలే నీరవుతుంది. పైపు పైనుంచి దిగుతోంది కాబట్టి సూటిగా స్క్రూల నెత్తిన పడుతుంది. అడుగు మూసి ఉంది కాబట్టి ఎక్కడికీ పోదు. నీ సిలికాన్ మంచిదే రా. బయటి నీళ్లను రానివ్వలేదు. లోపలి నీళ్లను పోనివ్వలేదు."

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. "పుడిసెడు నీళ్లే కదమ్మా. గుడ్డతో తుడిచేస్తే పోయె. అడుగున ఇప్పుడే కన్నాలు పొడిపిద్దాం. మిగతాది ప్రారంభం అయ్యాక తీరిగ్గా మార్చుకోవచ్చు. సంతకం పెట్టేయ్."

"ప్రారంభం అయ్యాక ఎవరు మారుస్తారు సార్? రోజూ వంద బస్సులు వస్తాయి. షెడ్డు ఆపుతారా మీరు?"

ఇంజనీరు గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నువ్వు పెట్టకపోతే ఇంకో లైసెన్సు దొరకదనుకుంటున్నావా? బజారు మూల మీద ఒకాయన ఉన్నాడు. పని జరిగిన చోటు కూడా చూడకుండా పెట్టేస్తాడు. అది నాకూ ఇష్టం లేదు. నా చేత ఆ పని చేయించకు."

మరిది తల వంచుకుని ఉన్నాడు. ఆ మాటకు అడ్డు చెప్పలేదు. ఆమె అది చూసింది.

"పుస్తకం ఇవ్వండి సార్" అంది.

ఇంజనీరు మొహం విప్పారింది. పుస్తకం తెప్పించాడు. గట్టి అట్టల పుస్తకం. పేజీలకు అంకెలు అచ్చువేసి ఉంటాయి, చింపడానికి వీల్లేదు. ఆమె లైసెన్సు అంకె ఉన్న పేజీ తీసి, జేబులోంచి పెన్ను ఇచ్చాడు. పేజీ అడుగున "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది. ఆ పుస్తకంలో మొదటి పేజీ నుంచి అప్పటిదాకా ఆ గడిలో ఎవరూ ఏమీ రాయలేదు. ఆమె అక్కడ రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు పెద్దవి. రాస్తూ పైకి చదివింది.

"పదకొండు పెట్టెలకూ పైపులు పైనుంచి వచ్చాయి. అడుగు కన్నాలు మూసి ఉన్నాయి. శుక్రవారం పొద్దున నాలుగు పెట్టెల్లో నీళ్లు నా కళ్లతో చూశాను. నాతో పాటు డిపో ఇంజనీరు గారు, పని చేసినవారు, కడిగే సిబ్బంది నలుగురు చూశారు. ఇవి మార్చేదాకా కరెంటు ఇవ్వకూడదు."

కింద సంతకం పెట్టింది. తేదీ వేసింది.

"అడిగారు కదా సార్, పెట్టాను. ఇప్పుడు ఆ బజారు ఆయన్ని పిలవండి. దీని కిందే పెట్టమనండి."

ఇంజనీరు పుస్తకం అందుకుని నిలబడిపోయాడు. ఒకసారి పేజీ వైపు, ఒకసారి తన పెన్ను వైపు చూశాడు.

మరిది స్క్రూడ్రైవరు నేలకేసి కొట్టాడు. "పెంచిన చేత్తోనే గొంతు పిసికావు వదినా. ఇక నీ గడప తొక్కను."

"తొక్కకు. కానీ బతికున్న ఆ నలుగురి మొహం చూస్తూ తిరుగు."

వాడు షెడ్డు దాటి వెళ్లిపోయాడు. పైపు పిన్ని లేచి వచ్చి ముద్దక్క పక్కన నిలబడింది. తడిచెయ్యి చీరకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుంది.

ఇంటికొచ్చాక ముద్దక్క జరిగినదంతా భర్తకు చెప్పింది. ఈసారి ఏ చెవి వైపు ఉందో కూడా చూసుకోలేదు. ఆయన తీగ తెంచి, ముడి వేసి అడిగాడు.

"మొత్తం ఎన్ని వంపులు?"

"పెట్టెకు రెండు. ఇరవై రెండు."

"పైపు వంచే మిషన్ బిగుసుకుపోయి ఉంది. నూనె పెట్టి ఉంచుతా."

శనివారం తెల్లవారగానే మిషన్‌ను రిక్షాలో వేసుకుని డిపోకు వెళ్లింది. ఎవరూ పిలవలేదు. షెడ్డులో నిచ్చెన వేసి, మూడో పెట్టె పైపు బిగింపు విప్పడం మొదలుపెట్టింది. సిలికాన్ గట్టిగా పట్టి ఉంది. చాకుతో కోయాల్సి వచ్చింది. కోస్తూ ఉంటే కూడా వాడి పనితనానికి ముచ్చటేసింది. కడిగే ఆడవాళ్లు వచ్చారు. చూశారు. బకెట్లు బోర్లించి కూర్చున్నారు.

ఇంజనీరు పరుగున వచ్చాడు. "ఎవరు విప్పమన్నారు నిన్ను? ఎల్లుండి ప్రారంభం!"

"నా సంతకం కింద ఉన్నవి నేను విప్పుతున్నా."

"పెద్దాఫీసు వాళ్లకు నేనేం చెప్పాలి?"

"పేజీ చూపించండి. మీరు కూడా చూశారని రాశాను కదా. మీకే మంచిది."

ఆయన పిన్ని వైపు తిరిగాడు. "మీరు కూర్చున్నారేం? పాత గొట్టంతో బస్సులు కడగడం మొదలుపెట్టండి."

"ఆమె నిచ్చెన మీదుంది సార్" అంది పైపు పిన్ని. "కింద తడి చేస్తే నిచ్చెన జారుతుంది. ఆమె దిగాకే."

"ఎప్పుడు దిగుతుంది?"

పైపు పిన్ని పైకి చూసి అడిగింది. "ఎప్పుడు దిగుతావ్ ముద్దక్కా?"

"నాకే తెలీదు."

ఇంజనీరు తల పట్టుకుని ఆఫీసులోకి వెళ్లాడు. కిటికీలోంచి ఆయన ఫోను మాటలు వినిపించాయి. మొదట బతిమాలాడు. తర్వాత వాదించాడు. ఒకచోట గొంతు పెద్దదైంది: "నేను కళ్లతో చూశానండీ!"

ఎనిమిదింటికి మరిది వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. షెడ్డు మధ్యలో నిలబడి, నిచ్చెన మీది మనిషిని చూశాడు.

"దిగు వదినా."

"దిగను."

"దిగమంటున్నా. అది నేను బిగించింది. విప్పితే నేనే విప్పాలి."

"గోడకు ఇంకో నిచ్చెన ఖాళీగా ఉంది. నాలుగో పెట్టెకు పో. కోపంగా ఉంటే కోపంగానే విప్పు."

వాడు కదల్లేదు. ఆమె చాకు ఆపలేదు. అప్పుడు వాడు రెండో నిచ్చెన ఎత్తి గోడకు కొట్టినట్టు ఆనించాడు. రేకులన్నీ మోగాయి. ఎక్కాడు. ఇద్దరూ పక్కపక్క నిచ్చెనల మీద, ఒకరి మొహం ఒకరు చూడకుండా, మధ్యాహ్నం దాకా విప్పారు. కింద పైపులు పోగుపడ్డాయి. ఆమె దిగి, పైపును మిషన్‌లో పెట్టి మొదటి వంపు వంచింది. వాడు వచ్చి రెండో చివర పట్టుకున్నాడు.

ఎండ నెత్తిమీదికి వచ్చాక వాడు నాలుగో పెట్టెను నేల మీద బోర్లించి, అడుగున గట్టిపడ్డ సిలికాన్ బొట్టును గోటితో గీకాడు. రాలేదు.

"కన్నం ఎంత పెట్టమంటావ్?" అన్నాడు, పెట్టెతో మాట్లాడుతున్నట్టు.

"అగ్గిపుల్ల దూరేంత. అంతకన్నా పెద్దదైతే పురుగులు దూరి గూడు కడతాయి."

వాడు తల ఊపలేదు. డ్రిల్లుకున్న బిట్టు తీసేసి, డబ్బాలో వెతికి, దానికన్నా సన్నది పెట్టాడు.